మేడ్చల్ స్టేషన్‌లో కొలత తీసిన పిల్లాడు

"ఎవరు తుడిచిన్రు? ఇది ఎవరు తుడిచిన్రు అంటున్న!"

శనివారం పొద్దుగూకే వేళ ప్లాట్‌ఫారం మీద ఈ కేక వినబడగానే నా గుండె జారిపోయింది. కేక వేసింది ఎవరో కొత్త మనిషి. తుడిచింది మాత్రం నా బిడ్డే అయ్యుంటుందని చూడకుండానే తెలిసిపోయింది. గంజి పొంగుతున్నా అలాగే వదిలేసి తలుపు దగ్గరికి ఉరికాను.

మాది మేడ్చల్ స్టేషన్ పక్కనున్న రైల్వే క్వార్టరు. మా ఆయన యేసయ్య అక్కడ పాయింట్స్‌మన్. వచ్చే బండి ఏ పట్టాల మీదికి మళ్ళాలో ఆ కాంటా తిప్పే పని. మా తలుపు తీస్తే ఎదురుగా స్టేషన్ వరండా. రాతి స్తంభాలు, వాటి మీద కమానులు, పైన పెంకులు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వానాకాలం సంగతి ఇది.

వరండాలో సన్నగా పొడుగ్గా ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. చేతిలో సుద్దముక్క, చంకలో చుట్టిన పెద్ద కాగితం. ఎదురుగా బకెట్టూ పాతగుడ్డా పట్టుకొని మా పరంజ్యోతి.

"నేనే తుడిచిన. ఏంది గిప్పుడు?"

"ఏందా? పొద్దటి సంది ఒక్కొక్క రాయి మీద గుర్తు పెట్టుకుంట వచ్చిన. చాయ తాగి వచ్చేలోపల మొత్తం సాఫ్ చేసినవ్!"

"మరి స్తంభాల మీద పిచ్చిగీతలు గీస్తే సాఫ్ చెయ్యరా? రేపు ఆదివారం. మా ప్రార్థన ఈడనే అయితది."

"స్టేషన్ల ప్రార్థనా?"

"ఔ. నీకేమన్న తక్లీఫా?"

"నాకు గాదు, నా నౌకరికి తక్లీఫ్. నేను రైల్వే డ్రాఫ్ట్స్‌మన్‌ని. సికింద్రాబాద్ ఆఫీసు నించి వచ్చిన."

"అట్లనా సారూ? నేను పరంజ్యోతిని. గా తలుపు కాడి నించి వచ్చిన."

ఆ పిల్లాడు ఏదో గట్టిగా అనబోయి ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడే కడిగిన రాయి. కాలు జారి వెల్లకిలా పడ్డాడు. కాగితం దొర్లుకుంటూ పోయి పట్టాల మీద పడింది.

నా బిడ్డ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నడుము విరిగిందేమో, తల వెనక దెబ్బ తగిలిందేమో, ఆఫీసు వాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలి?

"లే బాబూ, మెల్లగ లే. చేతులు ఆడుతున్నయా? కాళ్ళు? కండ్లు మసకలు రాలే కద?"

"ఏం కాలేదమ్మా," అన్నాడు తడి చొక్కా దులుపుకుంటూ. తర్వాత పట్టాల వైపు చూసి, "బండి ఏమన్న వస్తదా ఇప్పుడు?" అని గుసగుసగా అడిగాడు.

"గంటసేపు దాక ఏ బండి లేదు. కుందేలన్నా రాదు," అంటూ పరంజ్యోతే దిగి కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టింది. "అంత పిరికోనివి రైల్వేల ఎట్ల చేరినవ్ సారూ?"

అతని పేరు ఏలియా. మా పిల్లని అతను చూసిన మొదటి చూపు అదే. ఆ చూపులో కోపం ఎంత ఉందో, ఇంకోటి ఎంత ఉందో నేను ఆ పూట పట్టించుకోలేదు. గంజి మాడిపోయింది, ఆ దిగులులో ఉన్నాను.

ప్రార్థన సంగతి చెప్పాలి. అప్పటికి మా సంఘానికి గుడి లేదు. ఆదివారం పొద్దున ప్యాసింజరు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం గూడ్సు వచ్చేలోపల, స్టేషన్ మాస్టరు గారి అనుమతితో ఆ వరండాలోనే కూర్చునేవాళ్ళం. బండి ఆలస్యమైతే ప్రార్థన మధ్యలో వచ్చేది. అప్పుడు ప్రార్థన నడిపే ముత్తయ్య పంతులు పాట ఆపి, దిగేవాళ్ళకు దారి ఇప్పించి, బండి కదిలాక ఆపిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకునేవాడు. దిగినవాళ్ళలో కొందరు మూటలు పక్కన పెట్టుకొని మాతోపాటే కూర్చుండిపోయేవారు. నా పెళ్ళి కూడా అక్కడి పెద్ద కమాను కిందే అయింది. పంతులు నన్ను "ఇష్టమేనా" అని అడిగే సమయానికి ఇంజన్ ఆవిరి వదిలింది. నేను అన్నది ఎవరికీ వినబడలేదు, రెండోసారి అనిపించారు.

సోమవారం నుంచి ఏలియా రోజూ శామీర్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. అక్కడ వాళ్ళ పెద్దమ్మ మరియమ్మ ఇంట్లో ఉంటున్నాడట. మరియమ్మ నాకు తెలిసిన మనిషే, మంచిది. కానీ శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆ గతుకుల దారి, మధ్యలో వాగు. వానపడితే ఆ పిల్లాడు ఎక్కడ జారిపడతాడో అని నాకు అదొక దిగులు. ఎవరి కొడుకైతే ఏంది, పిల్లాడు పిల్లాడే కదా.

సుద్ద గుర్తులు మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి పరంజ్యోతి తుడవలేదు. కానీ ఊరుకోలేదు కూడా.

"సారూ, గా మూల రాయిని మరిచినవ్. అది అలుగుతది."

"నీకు వేరే పని లేదా?"

"ఉంది. చాటల బియ్యం ఏరుతున్న. ఏరుకుంట నీ తప్పులు కూడ ఏరుతున్న."

మేకల ఐలమ్మ తన మేకల్ని ఎప్పటిలాగే వరండా స్తంభానికి కట్టేసి వెళ్ళింది. ఏలియా స్కేలు పట్టుకొని దాని దగ్గరికి పోతే మేకపోతు తల వంచింది. అతను రెండు గంతుల్లో మా గడపలోకి వచ్చి పడ్డాడు.

"పొడుస్తదా అది?"

"పొడవది సారూ. నువ్వు ఆకు లెక్క సన్నగున్నవ్, మేస్తదేమో గని."

నేను లోపల్నుంచి "పరంజ్యోతీ!" అని గదిమాను. గదిమాను గానీ మనసులో ఒక మాట అనుకున్నాను. ఈ పిల్లాడికి బండన్నా భయమే, మేకన్నా భయమే. పోనీలే, బతకగలడు.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. ఇద్దరూ వరండాలో రాతి బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో చాట. నేను కిటికీ దగ్గర పాత చీర కుడుతూ అన్నీ వింటూనే ఉన్నాను.

"ఇంతకీ గీ స్టేషన్ బొమ్మ ఎందుకు గీస్తున్నవ్ సారూ? ఎవరన్న పెద్దదొర ఇంట్ల గోడకు పెడతరా?"

అతను పెన్సిల్ చెక్కుకున్నాడు. మళ్ళీ చెక్కుకున్నాడు.

"వరండా తీసేస్తరట. ప్లాట్‌ఫారం పెద్దగ చేసి రేకుల షెడ్డు వేస్తరు. తీసే ముంగట కొలతలు కావాలన్నరు."

చాటలో బియ్యం గలగల ఆగిపోయింది.

"కూలగొడతరా?"

"నేను గాదు. నేను గీస్త, అంతే. కూలగొట్టేటోళ్ళు వేరే."

"మంచిగ చెప్పినవ్. కత్తి ఒకడు నూరిండు, కోసిండు ఇంకొకడు!"

"పాతది గదా పరంజ్యోతీ. రాళ్ళే గదా. రేకులైతే కొత్తగ..."

అతను నా పిల్లను పేరు పెట్టి పిలవడం నేను అదే మొదటిసారి వినడం. సూది వేలికి గుచ్చుకుంది.

నా బిడ్డ లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. కానీ అరవలేదు. "రా," అంది. "రాళ్ళు నేను చూపిస్త."

స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి కింది భాగం మీద అతని చేత వేలు పెట్టించింది. మేకల తాళ్ళు, ఎద్దుల పగ్గాలు ఒరుసుకొని రాయి మీద పడిన గాడి. "గిది ఐలమ్మ వాళ్ళ అత్త కాలం నించి పడ్డది." రాతి బల్ల నడిమి భాగం చూపించింది, అద్దంలా నునుపు. "లడాయికి పోయినోళ్ళ తల్లులు కూసున్న జాగ. తూంకుంట నించి, శామీర్‌పేట నించి నడిచి వచ్చేటోళ్ళు. బండి పోయినంక గూడ లేచేటోళ్ళు గాదు. మా అమ్మ గంజి ఇచ్చి లేపేది." తర్వాత పెద్ద కమాను కింద నిలబడింది. "మా అమ్మా నాయినల లగ్గం గీడ అయింది. నాది గూడ గీడనే అయితదనుకున్న. రేకుల కింద చేస్కోమంటవా?"

ఏలియా తను గీసిన కాగితం విప్పి చూసుకున్నాడు. వాన చూరు నుంచి దారాలు దారాలుగా కారుతోంది.

"నేను రాళ్ళు గీసిన గని, గివేవీ గియ్యలే," అన్నాడు చివరికి.

"అయితే మళ్ళ గియ్యి."

ఆ రోజు నుంచి అతని పని మారింది. తాడు గాడి గీశాడు. బల్ల మీది నునుపు గీశాడు. ఐలమ్మను కూడా, దూరం నుంచి, మేకలు లేనప్పుడు. ఇదంతా చూసి నాకు ముచ్చటేసింది. ముచ్చట వెనకే భయం. పట్నం పిల్లాడు, బొమ్మ అయిపోగానే పోతాడు. పోతే నా బిడ్డ ఆ రాతి బల్ల మీద ఆ తల్లుల్లాగే కూర్చుండిపోతే?

ఇంక ఆ గురువారం.

బావి నుంచి నీళ్ళు తెస్తుంటే వాన అందుకుంది. పెద్ద కమాను కింద స్తంభానికి వీపు ఆనించి నా బిడ్డ నిటారుగా నిలబడి ఉంది. ఏలియా చేతిలో టేపు. ఒక కొన నా బిడ్డ పాదం దగ్గర, ఇంకో కొన తల మీద.

బిందె ఎక్కడ పడిందో నాకు తెలియదు.

మా వాళ్ళలో మనిషిని తల నుంచి కాళ్ళ దాకా కొలిచేది ఒక్కసారే. దర్జీ అయినా భుజాలు కొలుస్తాడు, చేతులు కొలుస్తాడు, తల మీద టేపు పెట్టడు. వడ్రంగి సోమయ్య దారం పట్టుకొని గడపలోకి వచ్చాడంటే ఆ ఇంట్లో పెట్టె చెయ్యాల్సి వచ్చిందన్నమాట, సమాధి పెట్టె. మా పెద్దోడు దావీదుకి సోమయ్య దారం పట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అంత పొట్టి దారం.

"ఓరి నీ చేతులు పడిపోను! ప్రాణమున్న పిల్లకు కొలత తీస్తవా?"

"అమ్మా, నక్ష కోసం... పక్కన మనిషి బొమ్మ ఉంటే కమాను ఎంత ఎత్తున్నదో చూసేటోళ్ళకు సమజైతదని..."

"ఎత్తు కావాలంటే కట్టెను కొలువు! నా బిడ్డ దొరికిందా నీకు?"

"అమ్మా, ఊకో. నేనే నిలబడ్డ," అంటోంది పరంజ్యోతి. నేను వింటేనా? చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కుపోయి తలుపు వేశాను. ఆ గొడవలో వానకు ఇద్దరం తడిసి ముద్దయ్యాము. తెల్లారేసరికి పిల్లకు జ్వరం.

మా ఆయన ఏనాడూ దేనికీ భయపడే మనిషి కాదు. అదే నాకు పెద్ద భయం.

"వానల తడిస్తే జరం రాదానే ఎలీషమ్మా? టేపుతోని వస్తదా?"

"నువ్వు మాట్లాడకు. దావీదుకు గూడ వాన జరమే అన్నవ్."

ఆయన లాంతరు తీసుకొని డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం ఏలియా వచ్చాడు. ఎవరు చెప్పారో, బహుశా ఐలమ్మ చెప్పి ఉంటుంది, పెట్టె సంగతి, దావీదు సంగతి తెలుసుకొని వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. గడప అవతలే ఆగాడు.

"నాకు తెల్వదమ్మా. సికింద్రాబాద్‌ల పుట్టి పెరిగిన, గిసొంటిది ఎవరూ చెప్పలే. తెలిస్తే ముట్టకపోదును. జరం ఎట్లున్నది?"

"నీకెందుకు?"

అతను సంచిలోంచి అదే టేపు తీశాడు. మా గడప ముందే, వానలోనే నిలబడి, ఒక కొన బూటు కింద తొక్కిపెట్టి ఇంకో కొన తన తల మీదికి లాగాడు.

"ఏం చేస్తున్నవ్ రా?"

"నన్ను గూడ కొలుచుకున్న. ఏమన్నయితే ఇద్దరికీ అయితది. పరంజ్యోతికి ఒక్కదానికే కానియ్య."

లోపల మంచం మీద నుంచి చిన్న దగ్గు వినబడింది. దగ్గు వెనక నవ్వు. "ఎంత ఎత్తున్నవ్ సారూ?" అని బలహీనమైన గొంతు.

"నీకన్న జానెడు ఎక్కువ."

"అందుకే మేకకు మంచిగ కనబడుతున్నవ్."

వాళ్ళు నవ్వుకుంటున్నారు. నేను గడప మీద కూలబడ్డాను. అప్పటిదాకా ఒకరి కోసం భయపడుతున్నాను, ఇప్పుడు ఇద్దరి కోసం భయపడాల్సి వచ్చింది. "ముందు ఆ వానల నించి జరుగు," అని అరిచాను. "నీకు గూడ జరమొస్తే ఆ పాపం నాకెందుకు?"

జ్వరం రెండు రోజుల్లో దిగింది. నా భయం దిగలేదు. ఆ వారమే మరియమ్మ శామీర్‌పేట నుంచి ఎడ్లబండి కట్టించుకొని వచ్చింది. వచ్చీ రాగానే కొంగు సర్దుకొని సంగతి చెప్పింది.

"చెల్లే, మా ఏలియాకు నీ బిడ్డనియ్యి. వాడు అన్నం తింటలేడు. వాని తల్లీదండ్రీ ఇష్టమే అన్నరు."

"అక్కా, కొలత తీసిన చేతికి పిల్లనెట్ల ఇయ్యాలె? పైంగ ఈ వరండా కూలగొట్టనీకి వచ్చినోడు. మనం కూసునే జాగ పీకేసేటోడు నా ఇల్లు నిలబెడతడా?"

"వాడు మంచోడే."

"మంచోడే. నేను చెడ్డోడన్ననా? నాకు భయమైతాంది, అంతే."

మరియమ్మ వెళ్ళాక నా బిడ్డ నా పక్కన కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అమ్మా, నాకు ఆయన ఇష్టం. గని నువ్వు నీ నోటితోని సరే అంటేనే పోత. నువ్వు భయపడుకుంట పంపితే నేను ఆడ సుఖంగ ఉండలేను. నువ్వు వద్దంటే ఈడనే ఉంట, నిన్ను ఒక్క మాట గూడ అనను."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఈ మాటకు ఏం చెప్పను? ఆ రోజు నుంచి ఇంట్లో కూరలో ఉప్పు వేస్తున్నానో లేదో నాకే తెలియలేదు. ఏలియా వస్తున్నాడు, దూరంగా కూర్చొని గీస్తున్నాడు. మా తలుపు వైపు చూస్తాడు, నేను కనబడితే తల వంచుకుంటాడు. పరంజ్యోతి చాట తీసుకొని వరండాలోకి పోవడం మానేసింది.

తరువాతి ఆదివారం. ప్యాసింజరు బాగా ఆలస్యమైంది. మేము ప్రార్థనకు కూర్చున్నాక వచ్చింది. ముత్తయ్య పంతులు పాట ఆపాడు. బండి ఆగీ ఆగగానే ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. దిగినవాళ్ళందరూ మూటలూ కోళ్ళ గంపలూ నెత్తిన పెట్టుకొని వరండాలోకి ఉరికారు. అందరం జరిగి జరిగి కూర్చున్నాము. ఒక్కరు కూడా తడవలేదు. అంత లోతైన వరండా అది.

బండి కదిలి వెళ్ళాక, అదే పట్టాల మీద నలుగురు మనుషులు తోస్తున్న ట్రాలీ వచ్చి ఆగింది. దాని మీద గొడుగు పట్టుకొని పెద్ద ఇంజనీరు సాబు. ఏలియా ఎదురు పరుగెత్తాడు. మాస్టరు గారు కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చారు.

సాబు వరండాలోకి వచ్చి తల తుడుచుకొని నక్ష విప్పమన్నాడు. ఏలియా రాతి బల్ల మీద పరిచాడు. మేమంతా మెడలు చాచి చూశాము.

"బాగా గీసినవ్. చాలా బాగా. మేక ఎందుకు? సరే. కమాను పక్కన ఈ పిల్ల ఎవరు?"

"ఎత్తు తెలవాలని సాబ్."

"ఎత్తు తెలవాలంటే జడల పూలు గూడ వెయ్యాల్నా?"

కోళ్ళ గంప పెట్టుకున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. నా బిడ్డ నా వీపు వెనక దాక్కుంది. మరియమ్మ శామీర్‌పేట నుంచి ప్రార్థనకు వచ్చి ఉంది, నన్ను మోచేత్తో పొడిచింది.

"అచ్ఛా," అన్నాడు సాబు, కాగితం చుడుతూ. "కొలతలు ఉన్నయి గదా. వచ్చే వారం మేస్త్రీలను పంపుత. పని మొదలు పెడదాం."

"సాబ్," అన్నాడు ఏలియా.

"ఏంది?"

"సాబ్, దీన్ని... తియ్యొద్దు."

నేను కూర్చున్న చోటు నుంచి అతని కాళ్ళు కనబడుతున్నాయి. ప్యాంటు మోకాళ్ళ దగ్గర అదురుతోంది. మేకపోతును చూసినప్పుడు కూడా అంత వణకలేదు.

"ఎందుకు?"

"ఎందుకంటే సాబ్... ఇది... ఇక్కడ జనం..." స్తంభం వైపు చెయ్యి చూపించాడు. "వీళ్ళ లగ్గాలు... లడాయికి పోయినోళ్ళు..."

"నౌకరి చేస్తున్నవా, కథ చెప్తున్నవా?"

ఆ పిల్లాడు మాట రాక నిలబడితే నేను చూడలేకపోయాను. ఆ క్షణంలో వాడు ఎవరన్నది నాకు గుర్తు లేదు. ఎలా లేచానో తెలియదు, లేచి నిలబడ్డాను.

"సాబూ, రేకులు ఎయ్యకుండ్రి. నాకు భయమైతాంది."

"నీకేం భయమమ్మా?"

"ఒకటా సాబూ? గాలిదుమారం వస్తే రేకు లేస్తది. లేసిన రేకు ఎవరి మెడ మీద పడుతదో తెల్వది. ఎండకాలం రేకు కింద ముసలోళ్ళు సొమ్మసిల్లుతరు, పసిపిల్లల తల్లులకు పాలు ఇంకుతయి. వాన పడితే రేకు చప్పుడుకు బండి కూత వినబడది. వినబడక పిల్లగాడు పట్టాలు దాటుతడు. గుంజుకపోయే ఎడ్లను ఈ స్తంభానికి కడుతున్నం, రేకుల షెడ్డుకు సన్నటి ఇనుప కట్టె ఉంటది, పోట్లెద్దు గుంజితే మొత్తం షెడ్డు..."

"బస్, బస్! అమ్మా, నీకు నిద్ర పడుతదా?"

"పట్టది సాబూ."

అందరూ గొల్లుమన్నారు. సాబు కూడా నవ్వాడు. ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడు వాన ఇంకా పెరిగింది. ప్లాట్‌ఫారం చివర సామాన్లు పెట్టే పాత రేకుల కొట్టు ఉంది. దాని మీద వాన పడుతుంటే డప్పులు కొట్టినట్టు మోత. సాబు నోరు కదులుతోంది, మాకు ఒక్క మాట వినబడటం లేదు. మాస్టరు గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని "ఏమన్నరు సార్?" అని అరిచారు.

సాబు నోరు మూసుకున్నాడు. ఆ కొట్టు వైపు చూశాడు. పైన కమాను వైపు చూశాడు. పొడిగా కూర్చున్న అంతమంది వైపు చూశాడు. వాన కాస్త తగ్గేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా రాతి బల్ల మీద, నునుపు తేలిన చోట కూర్చున్నాడు.

"షెడ్డు ఆ సామాన్ల వైపు వేద్దాం," అన్నాడు లేస్తూ. "ఇది ఇప్పటికి ఇట్లనే ఉండని." ఏలియా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు వణుకుడు బంద్ చెయ్యి. నౌకరి ఏడికీ పోలే."

ట్రాలీ వెళ్ళిపోయింది. ముత్తయ్య పంతులు ఏమీ జరగనట్టు, ఆపిన చరణం దగ్గర నుంచే పాట ఎత్తుకున్నాడు. ఆ రోజు పాట ఎంత గట్టిగా పాడారంటే వానే వెనక్కి తగ్గింది.

ప్రార్థన అయ్యాక జనం ఒక్కొక్కరే దిగిపోయారు, మరియమ్మా పంతులూ మిగిలారు. ఏలియా దూరంగా స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోయాను. అతను పెన్సిల్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"దొర పోయిండు గద బాబూ. ఇంక ఏం భయం?"

"ముందు నౌకరి పోతదని భయమైంది అమ్మా. మీరు లేచినంక మిమ్ముల ఏమన్న అంటడేమో అని భయమైంది." తల వంచుకున్నాడు. "ఇప్పుడు మీరు మళ్ళ వద్దంటరేమో అని."

"ఇంత భయస్తునివి, మరి ఎందుకు మాట్లాడినవ్?"

"మాట్లాడకపోతే ఇంకా భయమైతుండె."

నేను ఆ ముఖం చూస్తూ నిలబడ్డాను. మా ఆయన ధైర్యవంతుడు. ఆయన పక్కన పడుకొని ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మేలుకొని ఉన్నాను. గాలి వస్తే నేనే లేచి చూడాలి, పిల్ల దగ్గితే నేనే లేచి చూడాలి. భయం లేని మనిషి మంచివాడే కావచ్చు, కానీ లేచి చూడడు.

"నా బిడ్డకు జరమొచ్చినప్పుడు నువ్వు నిద్ర పోయినవా?"

"లేదమ్మా. పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూసున్న. మూడుసార్లు సైకిల్ తీసిన, మీరు తిడతరని మళ్ళ పెట్టిన."

"పట్నంల మోటార్లు మస్తు ఉంటయట. నా బిడ్డను రోడ్డు ఎట్ల దాటిస్తవ్?"

"చెయ్యి పట్టుకొని. రెండు దిక్కుల చూసి. అది తిట్టినా సరే, ఇంకోసారి చూసి."

"బజారుకు పోయి ఆలస్యమైతే?"

"వీధి చివరిదాక ఎదురు పోత."

"ఊకెనే భయపడుతున్నవని అది నవ్వితే?"

"నవ్వని అమ్మా. నవ్వినంక గూడ పోత."

వెనక్కి తిరిగి, మా గడప మీద నిలబడ్డ నా బిడ్డ వైపు చూశాను. ఎన్నో రోజులుగా నా నోటి మాట కోసం ఎదురు చూస్తున్న పిల్ల.

"సరే," అన్నాను. పైకే అన్నాను. "సరే బిడ్డా. నా నోటితోనే అంటున్న. నీ లగ్గం గీ కమాను కింద చేద్దాం."

మరియమ్మ "స్తోత్రం!" అని ఒక్క కేక వేసింది. ముత్తయ్య పంతులు పుస్తకం మూస్తూ, వచ్చే ఆదివారం నుంచే సంఘంలో పెళ్ళి ప్రకటన చదువుతానన్నాడు. మా ఆయన పచ్చజెండా చుట్టుకుంటూ వచ్చి సంగతి విని, అల్లుడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక్కదానితోనే ఏగలేక సస్తున్న. ఇగ ఇద్దరైన్రా!"

పరంజ్యోతి తడి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మెల్లగ! జారుతది!" అని అరిచాను నేను.

"మెల్లగ! జారుతది!" అని నాతోపాటే అరిచాడు ఏలియా.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. నాకు తోడు దొరికిందని అప్పుడు తెలిసింది.